అందుకోదు

చించినాడ వంతెన దిగి రెండు తూములు దాటాక
ఓమ్నీ దగ్గింది.
ప్రార్థన మధ్యలో ఆపుకోలేనివాడిలా మూడుసార్లు.
ఆ తర్వాత గట్టు పక్కన
గుర్రపుడెక్క మీదికి లైట్లు వేసుకుని నిలబడిపోయింది.

వెనక నలభై సంచులు రొయ్య పిల్లలు.
సంచికి రెండు వేలు, ఒక్కోటి కనురెప్ప వెంట్రుకంత.
ఆక్సిజన్ కట్టి ఆరు గంటలైంది.
పొద్దెక్కేలోగా చెరువులో దింపాలి.

తాళం తిప్పాను.
సెల్ఫ్ తిరుగుతోంది, గిర్రు గిర్రు గిర్రుమని
నీళ్లందని బోరింగు కొట్టినట్టు.
ఇంజను అందుకోదు.
మళ్లీ తిప్పాను. ఈసారి లైట్లు పసుపెక్కాయి.
పిల్లలు బతికే ఉన్నాయా అంటే
సంచికి చెవి పెట్టి తెలుసుకునేది కాదు.

ఏలీషా మేస్త్రి ఫోను ఎత్తడు.
నరసాపురం రేవులో లాంచీ ఇంజన్ల పక్కన
పాతికేళ్లు పడుకున్న చెవులవి.
కూతురు మార్త ఎత్తింది. ఆయన్ని లేపి
శివకోడు నుంచి మోపెడ్ మీద తనే తీసుకొచ్చింది,
జుట్టు ముడైనా వేసుకోకుండా.

తిప్పమని చేత్తో చెప్పాడు.
పక్క సీటు ఎత్తి, కింద ఇంజను మీద అరచెయ్యి ఆన్చి
జ్వరం చూసేవాడిలా కళ్లు మూసుకున్నాడు.
"బ్యాటరీ బానే ఉంది. గుండె కొట్టుకుంటంది.
నిప్పన్నా లేదు, తిండన్నా లేదు."

ప్లగ్గు ఊడదీసి, వైరు తగిలించి, ఇనుముకి ఆన్చాడు.
తిప్పాను.
టక్కుమని నీలం చుక్క.
ఆ చుక్కలో మార్త ముఖం కనపడి పోయింది.
"నిప్పుంది."

ప్లగ్గు వాసన చూసి నాకిచ్చాడు.
పెట్రోలు ఊసే లేదు. పొడిగా ఉంది,
వేసంగిలో కాలవ కట్టేశాక తూము నోరులా.
కార్బొరేటరు పైపు లాగి కింద సీసా పట్టాడు.
రెండు చుక్కలు. అంతే.

ముల్లు చూపించాను, సగం ట్యాంకు.
పాలకొల్లులో పోయించిన చీటీ కూడా చూపించాను
నా మీదే అనుమానమన్నట్టు.
పంపు పోయిందేమో అన్నాను. ఫిల్టరేమో అన్నాను.
బంకులో నీళ్లు కలిపారేమో అన్నాను.
తెలియనివాడికే ఇన్ని రోగాలు తెలుస్తాయి.

ఆయన వినలేదు, వినలేడు గనక.
బండి పక్కకి నడిచి
పెట్రోలు మూత తిప్పాడు.

ఉస్సుమంది.
గోనె మూట దించిన కూలీ నోట్లోంచి వచ్చినట్టు, పొడుగ్గా.
నాకు వినపడింది. మార్తకి వినపడింది.
మూత మీద ఆయన చెయ్యి ఆగిపోయింది.
"ఏమంది?"
"నిట్టూర్చింది నాన్నా," అని
మార్త ఆయన మణికట్టు మీద ఊది చూపించింది.
"ఊదటం కాదే పిచ్చిదానా, పీల్చుకుంది.
నా చెయ్యి లోపలికి లాగింది."

టార్చి పళ్ల మధ్య పెట్టుకుని బండి కిందికి దూరాడు.
ట్యాంకుకి గాలి పోయే సన్నటి గొట్టం,
దాని నోట్లో ఒండ్రు మట్టి బిరడా, గోరంత.
కుమ్మరి పురుగు పని.
నాలుగు రోజులు షెడ్డులో పడుంటే చాలు,
బండీ దానికి గోడే.

"చుక్క బయటికి రావాలంటే
అంత గాలి లోపలికెళ్లాలయ్యా" అన్నాడు,
మట్టి గూడు వేళ్ల మధ్య చిదమబోయి
ఎందుకో ఆగి, వంతెన రాయి మీద పెడదామని చూసి
వంతెన దూరమని
నా డాష్‌బోర్డు మీద పెట్టాడు.

తిప్పాను. గిర్రు. గిర్రు. గి,
అందుకుంది.
మార్త బొటనవేలు ఎత్తి చూపించేదాకా
ఆయన చెయ్యి ఇంజను మీంచి తియ్యలేదు.
అప్పటికే తెలిసినట్టుంది గానీ.

ఎంతివ్వమంటారు అన్నాను.
మూడొందలు అంది మార్త.
ఆయన అటు తిరిగి పైపు క్లిప్పు బిగిస్తూ
"రెండు చాలే" అన్నాడు.

చెరువు దగ్గర విప్పితే
మూడు సంచులు తెల్లబడి ఉన్నాయి.
ముప్పై ఏడు దింపాను.
డాష్‌బోర్డు మీద గూడు ఎక్కడో గతుకులో
దొర్లి పడిపోయినట్టుంది,
ఎంత వెతికినా కనపడలేదు.